పంతొమ్మిదో ఏట వచ్చే పిలుపులు

(నృత్య విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పిల్లలకు, వాళ్లను తీసుకొచ్చి వెనక వరసల్లో ఓపిగ్గా కూర్చున్న అమ్మానాన్నలకు మరీ ప్రత్యేకంగా నమస్కారం.

నాట్యం, విశ్వాసం అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు సిద్ధేంద్ర యోగి, కూచిపూడి, గుడి మండపాలు గుర్తుకొస్తాయి. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను మిమ్మల్ని వేరే చోటికి తీసుకెళ్తాను. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నేను నాట్య చరిత్ర చదువుకునే రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న అమ్మాయి మార్మన్. బ్యాలే నర్తకి. ఆ తరవాత ఇల్లు వదిలి న్యూయార్క్ వెళ్లింది. తన గురించి చెబుతానంటే ఒప్పుకుంది గాని పేరు వద్దంది. కనుక ఈ పూటకు ఆమె నా స్నేహితురాలు, అంతే.

మార్మన్లు ఎవరో తెలియనివారికి నాలుగు మాటలు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ సంఘం వారిది. బైబిలుతో పాటు మార్మన్ గ్రంథాన్ని కూడా పవిత్రంగా చూస్తారు. ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అన్న పూర్తి పేరుతో పిలవమని 2018 నుంచి వారి పెద్దలు గట్టిగా కోరుతున్నారు. వాడుకలో అందరికీ తెలిసిన మాట కాబట్టి, గౌరవంతోనే, మార్మన్ అంటాను. బహుభార్యాత్వం గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దాన్ని ఆ సంఘం 1890లోనే అధికారికంగా విడిచిపెట్టింది.

నా స్నేహితురాలి గురించి ఎక్కడ మాట్లాడినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అంత నిష్ఠగల మతం ఆడపిల్ల నాట్యం చేస్తే ఎలా ఒప్పుకుంటుంది? మన దగ్గర కూడా కొన్ని క్రైస్తవ కుటుంబాల్లో నాట్యం నేర్పించడానికి వెనకాడతారు కాబట్టి ఈ సందేహం సహజమే. కాని ఈమె విషయంలో సంగతి తలకిందులు. ఆమెకు నాట్యం అబ్బింది మతం వల్లనే.

1846 ఫిబ్రవరిలో, గడ్డకట్టే చలిలో, మార్మన్లు ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ పట్టణం వదిలిపెట్టి పడమటికి బయలుదేరారు. చుట్టుపక్కలవారి దాడులకు అక్కడ ఉండలేకపోయారు. దారిలో మిస్సోరీ నది ఒడ్డున శీతాకాలం గడపవలసి వచ్చింది. రోగాలు, ఆకలి, చావులు. ఆ విడిదిలోనే, 1847 జనవరిలో, వారి నాయకుడు బ్రిగమ్ యంగ్ దైవసందేశంగా ప్రకటించిన వాక్యాల్లో ఒకటి ఇది: ఉల్లాసంగా ఉన్నప్పుడు పాటతో, సంగీతంతో, నాట్యంతో, కృతజ్ఞత నిండిన ప్రార్థనతో దేవుణ్ణి స్తుతించమని. నాట్యాన్ని పాపంగా చూసే ప్రొటెస్టెంటు శాఖలు ఎన్నో ఉన్న దేశంలో, పిల్లల్ని దారి పక్కన పూడ్చి వచ్చిన మనుషులకు వారి ప్రవక్త ఆడమని చెప్పాడు. పగలంతా బళ్ల వెంట నడిచి, రాత్రి నెగడు చుట్టూ ఫిడేలు పాటకు అడుగులు వేశారు. నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఏడాది జులైలో ఇప్పటి యూటాలోని సాల్ట్ లేక్ లోయకు చేరారు. ఊరు ఇంకా ఊరుగా నిలబడకముందే, 1853 నాటికి నాట్యాలకూ నాటకాలకూ ఒక మందిరం కట్టుకున్నారు. 1862లో పెద్ద నాటకశాలే వెలిసింది.

ఆ నేల మీద పుట్టినవారే క్రిస్టెన్‌సెన్ సోదరులు. డెన్మార్క్ నుంచి వలస వచ్చిన మార్మన్ కుటుంబం వారిది. పెద్దవాడు విల్లమ్ 1902లో యూటాలోని బ్రిగమ్ సిటీలో పుట్టాడు. తమ్ముళ్లు హెరాల్డ్, లూ. ఇంట్లో సంగీతమూ నాట్యమూ కులవృత్తిలా సాగేవి. వీళ్లు వినోద ప్రదర్శనల బృందాలతో ఊరూరా తిరుగుతూ, హాస్యగాళ్లకూ గారడీవాళ్లకూ మధ్య దొరికిన కొద్ది నిమిషాల్లో బ్యాలే చేసి చూపించారు. లూ 1937లో, పేరున్న నృత్య రూపకర్త బాలన్‌షీన్ కూర్చిన ‘అపోలో’ బ్యాలేలో నాయక పాత్ర ధరించాడు. విల్లమ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 1944 డిసెంబరు 24న ‘నట్‌క్రాకర్’ బ్యాలేను మొదటి నుంచి చివరి దాకా ప్రదర్శింపజేశాడు. అమెరికాలో అది పూర్తిగా ఆడటం అదే మొదలు. ఈ రోజు అక్కడ ప్రతి డిసెంబరులో చిన్న ఊళ్లలో సైతం ఆ బ్యాలే లేకుండా క్రిస్మస్ జరగదు. మీలో అమెరికాలో మనవరాళ్లు ఉన్నవారు ఫోనులో వీడియోలు చూసే ఉంటారు, మంచుపూవుల వేషంలో. ఆ విల్లమ్ 1951లో యూటా విశ్వవిద్యాలయంలో బ్యాలే బోధన ప్రారంభించాడు, 1963లో ఇప్పటి బ్యాలే వెస్ట్ బృందానికి పునాది వేశాడు. నేను చదువుకున్నది ఆయన నాటిన చెట్టు నీడలోనే.

నా స్నేహితురాలికి మొదటి రంగస్థలం వాళ్ల ప్రార్థనామందిరం. మార్మన్ మందిరాల్లో ఆరాధన గదికి ఆనుకుని ఒక పెద్ద హాలు ఉంటుంది. బాస్కెట్‌బాల్ బుట్టలు, ఒక వైపు చిన్న వేదిక. పెళ్లి విందులు, పిల్లల నాటకాలు, పద్నాలుగేళ్లు నిండినవారి నాట్య సాయంత్రాలు అన్నీ అక్కడే. ఆమె తండ్రి బడిపంతులు. బ్యాలే గురించి ఆయనకు ఓనమాలు తెలియవు. కాని శనివారం పొద్దున్నే కూతుర్ని కారులో దింపి, తరగతి అయ్యేవరకు పార్కింగులో కూర్చుని పిల్లల జవాబు కాగితాలు దిద్దుకునేవాడు. ఈ హాల్లో అలాంటి నాన్నలు చాలామంది ఉన్నారు, నాకు తెలుసు.

మరి చిక్కెక్కడ? చిక్కంతా కాలంతోనే.

బ్యాలేలో ఒక నర్తకి భవిష్యత్తు దాదాపు పదహారు, ఇరవై ఏళ్ల మధ్య తేలిపోతుంది. పెద్ద బృందాలు శిక్షణార్థులుగా తీసుకునేది ఆ వయసులోనే. మార్మన్ యువతకు మిషన్ సేవకు, అంటే ఇల్లు వదిలి వెళ్లి మతబోధ చేసే సేవకు, పిలుపు వచ్చేదీ, పెళ్లి గురించి పెద్దలు కదిలించేదీ అప్పుడే. మన ఇళ్లలో రంగప్రవేశం అయిన మర్నాటి నుంచి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష కోసం గజ్జెలు అటక ఎక్కుతాయి చూడండి, ఆ ఒత్తిడి మీకు తెలుసు. ఆమెకు ఆ ఒత్తిడి ఒకేసారి మూడు వైపుల నుంచి వచ్చింది. పైగా ఆ మూడూ ఆమె మనసారా కోరుకున్నవే. బలవంతపెట్టినవారు ఎవరూ లేరు. అందుకే నాకు ఆమె కథ అంత ముఖ్యం అనిపిస్తుంది.

ముందు ఆదివారం సంగతి చెబుతాను.

న్యూయార్క్‌లో లింకన్ సెంటర్ అని కళా ప్రదర్శనశాలల సముదాయం ఉంది. న్యూయార్క్ సిటీ బ్యాలే ప్రదర్శనలు అక్కడే, జూలియార్డ్ కళల విద్యాలయం అక్కడే, 1934లో బాలన్‌షీన్, లింకన్ కిర్‌స్టీన్ నెలకొల్పిన బ్యాలే పాఠశాల అక్కడే. దానికి ఎదురుగా, కొలంబస్ అవెన్యూ 65వ వీధిని కలిసే చోట, 2004 జూన్‌లో ప్రతిష్ఠ జరిగిన మార్మన్ దేవాలయం ఉంది. ఆమె వెళ్లిన రోజుల్లో పైన బూర ఊదుతున్న బంగారు రంగు దేవదూత విగ్రహం ఉండేది. ఆమె కోరుకున్న రెండు లోకాల మధ్య దూరం ఒక రోడ్డు. సిగ్నల్ పడితే దాటేయవచ్చు. కాని అటూ ఇటూ గంటలు మాత్రం కలవవు. మార్మన్లకు ఆదివారం విశ్రాంతి దినం, పని చేయరాదు. బ్యాలే బృందాలకు ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన ఉంటుంది, సెలవు సోమవారం.

మొదటి ఏడాది ఆమె ఆదివారాలు నాట్యం చేయనని చెప్పేసింది. బృందంవారు మర్యాదగానే విన్నారు, మర్యాదగానే ఆమెకు రావలసిన చిన్న పాత్రను ఇంకొకరికి ఇచ్చారు. ఆమె తన బిషప్పు దగ్గరకు వెళ్లింది. వారి బిషప్పులకు జీతం ఉండదు, తలా ఒక ఉద్యోగం చేసుకుంటూ సంఘం పని చూస్తారు. ఈయన వారమంతా వకీలు. ఆయన ఆడమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. నర్సులు ఆదివారం పని చేస్తారు, నువ్వు చేసేది అంత అవసరమైన పనో కాదో నీకే తెలియాలి, ప్రార్థించి తేల్చుకో అన్నాడట. ఆ రాత్రి ఆమెకు కోపం వచ్చింది. వద్దంటే ఏడ్చి ఊరుకునేదాన్ని, సరే అంటే ఆడేదాన్ని, ఇప్పుడు భారమంతా నా నెత్తిన పెట్టాడు అని ఫోనులో నాతో చాలాసేపు వాదించింది. నన్నడిగితే ఆ బిషప్పు చేసిందే సరైన పని. ఇరవై ఏళ్ల మనిషికి నిర్ణయం చేసే బరువును ఇవ్వడం కంటే గొప్ప గౌరవం లేదు.

రెండో ఏడు ఆమె ఆదివారాలు ఆడింది. ఎలాగో చెబుతాను. ఆరాధన అప్పట్లో మూడు గంటలు, 2019లో రెండుకు తగ్గించారు. తొమ్మిదింటికి మొదలు. మొదటి భాగంలో, క్రీస్తును స్మరించుకుంటూ, సంస్కారం ఇస్తారు. రొట్టె ముక్క, చిన్న కప్పులో నీళ్లు. ద్రాక్షరసం ఉండదు. అది తీసుకుని, పాట అయ్యాక, మిగతావారు తరవాతి పాఠానికి వెళ్తుంటే ఆమె బ్యాలే సంచి భుజాన వేసుకుని బయటికి నడిచేది. పదకొండుకు సాధన. తలుపు దగ్గర నిలబడే పెద్దావిడ ఒకరు ప్రతి ఆదివారం ఆ సంచి వైపు చూసేవారట, ఏమీ అనకుండా. కొన్నాళ్లకు ఆవిడే ప్రదర్శనకు వచ్చి కూర్చున్నారు.

నెలలో మొదటి ఆదివారం వారికి ఉపవాసం. రెండు పూటలు అన్నం, నీళ్లు ముట్టరు, ఆ భోజనాల ఖర్చు పేదలకు ఇస్తారు. ఉపవాసంతో ఆ ప్రదర్శన చేస్తే కళ్లు తిరిగి పడిపోవడం ఖాయం. ఆమె దాన్ని సోమవారానికి మార్చుకుంది. ఇంకో సంగతి. 1970 నుంచి మార్మన్లు సోమవారం సాయంత్రాన్ని కుటుంబ ప్రార్థనకు కేటాయించుకున్నారు. దూరాన ఉన్న పెళ్లికాని యువత కలిసి ఒక ఇంట్లో కూర్చుంటారు. బ్యాలేవాళ్ల సెలవూ సోమవారమే కదా. ఆమె అసలు విశ్రాంతి దినం నెమ్మదిగా సోమవారానికి జరిగింది. కాఫీ, టీ, మద్యం, పొగ ముట్టకూడదన్న నియమం 1833 నాటి దైవసందేశం నుంచి వచ్చింది. దాని గురించి అందరూ గుచ్చి గుచ్చి అడుగుతారు గాని ఆమెకు అదొక లెక్కలోనిదే కాదు. సంపాదనలో పదో వంతు సంఘానికి ఇవ్వడం మాత్రం, శిక్షణార్థి జీతంతో, మాన్‌హటన్ అద్దెలతో, నిజంగా కష్టమైంది. ఒక్క నెల కూడా మానలేదు.

దుస్తుల విషయం అడుగుతారని నాకు తెలుసు. దేవాలయంలో దీక్ష తీసుకున్న వయోజన మార్మన్లు లోపల ప్రత్యేక వస్త్రాలు ధరిస్తారు. వారికి అవి పవిత్రం కనుక వివరాల్లోకి వెళ్లను. ఈతకు, ఆటలకు, అవి వేసుకుని చేయలేని పనులకు తీసివేయవచ్చు. నాట్యం కూడా అంతే. కాని రోజుకు ఆరు గంటలు సాధనలో ఉండే మనిషికి ఆ మినహాయింపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? ఆమె తనకు తాను ఒక కట్టుబాటు పెట్టుకుంది. చివరి నమస్కారం అయిన వెంటనే, మిగతావారు ముఖాల రంగు తుడుచుకుంటుండగానే, ఒక మూలకు వెళ్లి బట్టలు మార్చుకునేది. సంచిలో తెల్లటి గుడ్డ తిత్తి ఒకటి, అందులో అవి మడతపెట్టి ఉండేవి. బూట్లూ టేపులూ ఉన్న అరలో ఎన్నడూ పెట్టలేదు.

ఒకసారి నేను న్యూయార్క్ వెళ్లినప్పుడు ఆమె దుస్తుల కొలతలకు నన్ను వెంట తీసుకెళ్లింది. వీపు నడుము దాకా తెరిచి ఉన్న గౌను. కుట్టే ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని చుట్టూ తిరుగుతోంది. నా స్నేహితురాలు నెమ్మదిగా, వీపు మీద ఒంటి రంగు వల గుడ్డ వేయగలరా అని అడిగింది. ఆవిడ ఏమీ అడగలేదు. రెండు మూడు ముక్కలు తీసి, చర్మం మీద పెట్టి, దీపం కింద రంగు పోల్చి చూసి, ఒకటి ఎంచుకుంది. మూడో వరసలో కూర్చున్నవారికి కూడా అది కనబడదు. వేసుకున్న మనిషికి తెలుస్తుంది. నేను అప్పుడు, ఎవరికీ కనబడని దానికోసం ఇంత పట్టుదల దేనికి అని అడిగాను. ‘తొడుక్కునేది నేనే కదా’ అంది.

ఇక మిషన్ పిలుపు. 2012 అక్టోబరులో ఆ సంఘం వయసు పరిమితి తగ్గించింది. అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు అప్పట్లో 21 నుంచి 19కి. అబ్బాయిలకు రెండేళ్లు, అదొక ధర్మంగా భావిస్తారు. అమ్మాయిలకు ఏడాదిన్నర, ఇష్టమైతేనే. ఎక్కడికి పంపేదీ సంఘం నిర్ణయిస్తుంది. సొంత ఖర్చుతో వెళ్లాలి, ప్రేమ వ్యవహారాలు ఉండకూడదు, ఇద్దరేసి జంటగా ఉండి బోధించాలి. రోజూ వ్యాయామానికి ఇచ్చేది అరగంట. పిలుపు వచ్చిన రోజు ఇంట్లో పండగే, బంధువులందరి ముందు తెరిచి చదువుతారు. ఆమె తోటి అమ్మాయిలు ఒక్కొక్కరే వెళ్లారు. బ్యాలేలో ఏడాదిన్నర సాధన కడ్డీ పట్టకపోతే, అదీ పంతొమ్మిదో ఏట, తిరిగి రావడం దాదాపు అసాధ్యం.

దాదాపు అన్నాను. ‘సో యూ థింక్ యూ కెన్ డాన్స్’ అనే టీవీ పోటీలో 2006 విజేత బెంజీ ష్విమ్మర్ మెక్సికోలో మిషన్ సేవ చేసి వచ్చినవాడే. దాన్ని చాలామంది మార్మన్ తల్లిదండ్రులు తమ పిల్లలకు ఉదాహరణగా చూపించారు. కొన్నేళ్లకు ఆయన తాను స్వలింగ ప్రేమికుణ్ణని బయటికి చెప్పి, సంఘానికి దూరమయ్యాడు. ఇంకో పక్క, అదే పోటీలో 2012లో కనబడిన యూటా అమ్మాయిలు లిండ్సే ఆర్నాల్డ్, విట్నీ కార్సన్ ఇద్దరూ ‘డాన్సింగ్ విత్ ద స్టార్స్’ అనే ఇంకో టీవీ కార్యక్రమంలో పేరు తెచ్చుకున్నారు, ఇద్దరూ హైస్కూలు నాటి స్నేహితుల్నే సాల్ట్ లేక్ దేవాలయంలో పెళ్లి చేసుకున్నారు. లిండ్సే 2022లో చిన్నారి కూతురితో యూటాలో ఉండటానికి ఆ కార్యక్రమం నుంచి తప్పుకుంది. వీళ్లలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని లెక్కలు వేసే హక్కు మనకు లేదు. ఎవరి బతుకు గురించి వారే తేల్చుకున్నారు.

నా స్నేహితురాలు మిషన్‌కు వెళ్లలేదు. తండ్రి ఒక్క మాట అనలేదు. తల్లి మాత్రం, నీ గది గోడ మీద ప్రపంచ పటం తీసేయనా అని అడిగింది. చిన్నప్పుడు తాను ఏ దేశానికి వెళ్తానో అని సూదులు గుచ్చుకున్న పటం అది. ఆ రోజు ఏడ్చినంతగా నా స్నేహితురాలు తన పాత్ర పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ప్రేమ సంగతి తక్కువ మాటల్లో చెబుతాను, అది ఆమెది. అతను వాద్యబృందంలో, వయొలిన్ లాంటిదే, వియోలా వాయించేవాడు. మార్మన్ కాదు, అసలు ఏ మతమూ పాటించేవాడు కాదు. మార్మన్లకు దేవాలయంలో జరిగే పెళ్లి మరణంతో ముగియదు, శాశ్వతం. సంఘ సభ్యులై, బిషప్పు అనుమతి పత్రం ఉన్నవారికే లోపలికి ప్రవేశం. వధూవరుల తల్లిదండ్రులైనా సరే, ఆ పత్రం లేకపోతే బయట నిలబడవలసిందే. మామూలు పెళ్లి చేసుకోవచ్చు, సంఘం దాన్నీ గుర్తిస్తుంది. కాని చిన్నప్పటి నుంచి ఆమె పెళ్లంటే ఊహించుకున్నది ఆ శాశ్వతత్వాన్నే. అతను ఆమెతో కొన్ని ఆదివారాలు ఆరాధనకు వచ్చాడు, మిషనరీల పాఠాలు విన్నాడు. చివరికి, నీ కోసం బాప్తిస్మం తీసుకుంటే నీ దేవుడికి అబద్ధం చెప్పినట్టు అన్నాడు. ఆమె కాదనలేకపోయింది. విడిపోయారు.

ఇక్కడ వినేవాళ్లు వెంటనే ఒక దోషిని వెతుకుతారు. కొందరు మతాన్ని తిడతారు, కొందరు ఆ అబ్బాయిని, కొందరు నాట్యం కోసం ఊరు వదలడమే తప్పంటారు. నేను ఒప్పుకోను. ఇద్దరు నిజాయితీపరులు ఒకరినొకరు మోసం చేసుకోకూడదని అనుకున్నారు. అందుకు పెద్ద మూల్యమే చెల్లించారు. ఆమెను మతం నుంచి విడిపించాలని చూసిన న్యూయార్క్ స్నేహితులు, నాట్యం నుంచి విడిపించాలని చూసిన యూటా బంధువులు, ఇద్దరూ ఆమెను సగం మనిషిగానే చూశారు.

ఇప్పటికీ ఆమె నాట్యం చేస్తోంది. నాయిక స్థాయికి రాలేదు, బృంద నర్తకిగానే ఉంది. ఆదివారం ఉదయం ఆరాధన మానలేదు. పెళ్లి కాలేదు. తోటివారి పిల్లలు బడికి వెళ్తున్నారు, అది ఆమెకు బాధగానే ఉంది, దాచుకోదు. మందిరం హాల్లో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద, శనివారాలు చిన్నపిల్లలకు ఉచితంగా బ్యాలే నేర్పుతుంది.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. మార్మన్ సంఘానికి మన దేశంలో మొదటి స్టేకు, అంటే అనేక స్థానిక సంఘాలను కలిపే విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. విశాఖపట్నంలో, రాజమండ్రిలో తెలుగు మార్మన్ కుటుంబాలు ఉన్నాయి. మిగతా క్రైస్తవ కుటుంబాలైతే చెప్పనక్కరలేదు. మనలో చాలామంది నాట్య గురువులు తరగతులు ఎప్పుడు పెడతాం? ఆదివారం ఉదయం. బడులకు సెలవు కాబట్టి. అదే సమయానికి ఆ పిల్లలు ఆరాధనలో ఉండాలి. ఎంతమంది పిల్లలు ఆ ఒక్క కారణంతో మన గుమ్మం దాకా రాకుండా ఆగిపోయారో మనం ఎప్పుడూ ఆలోచించలేదు. వారి తల్లిదండ్రులు నాట్యం వద్దన్నారని మనమే అనేసుకున్నాం.

మా తరగతుల్లో వచ్చే నెల నుంచి ఆదివారం ఉదయం సాధన శనివారం సాయంత్రానికి మారుతోంది. కొందరు తల్లిదండ్రులకు ట్యూషన్లతో ఇబ్బంది అవుతుందన్నారు, వారితో ఇంకా మాట్లాడుతున్నాను. ఇక్కడున్న గురువుల్లో ఎవరైనా అలా మార్చి చూసి ఉంటే, ఎలా కుదిరిందో ఇప్పుడు చెప్పండి, వింటాను.